తీర సముద్ర వనరులను మత్స్యకార గ్రామమే కాపాడుకోవడం ఎలా?

తీర సముద్రంలోని చేపలు, రొయ్యలు, పీతలు, ఆల్చిప్పలు తరిగిపోకుండా చూసుకోవడమంటే, ఆచరణలో, ఎవరు ఎక్కడ ఎప్పుడు ఏ వలతో వేటాడవచ్చో కలిసి నిర్ణయించుకుని ఆ నిర్ణయానికి కట్టుబడి ఉండడమే. ప్రవాహాలనూ, నీటి వేడినీ, గుడ్ల నుంచి బతికి బయటపడే పిల్లల సంఖ్యనూ ఏ గ్రామమూ శాసించలేదు. తన వేటను మాత్రం శాసించుకోగలదు. ఆ పని మొదలుపెట్టదలచిన మత్స్యకార సంఘాల కోసం, వారితో కలిసి పనిచేసే కార్యకర్తల కోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ఇందులో పనుల వరుస చాలా ముఖ్యం. ముందు నిషేధిత ప్రాంతాన్ని ప్రకటించి, తర్వాత దానికి హద్దులు వెతికి, చివరికి దానివల్ల పూట గడవనివారెవరో తెలుసుకునే ఏర్పాట్లు ఎక్కువ కాలం నిలవవు. కాబట్టి మనుషులతో మొదలుపెట్టి, హద్దుల మీదుగా నియమాల దగ్గరికి రావాలి.

ముందుగా ఎవరు, తర్వాత ఎక్కడ

ఆ తీరం మీద ఆధారపడినవారందరి జాబితా మొదట రాయండి. పడవల యజమానులు, వారితో వేటకు వెళ్ళే కూలీలు సాధారణంగా అందరికీ గుర్తుంటారు. ఆటు సమయంలో కాలినడకన వెళ్ళి ఆల్చిప్పలు, పీతలు ఏరుకునే స్త్రీలు, మునిగి వేటాడేవారు, చేపలు ఎండబెట్టేవారు, పెట్టుబడికి అప్పిచ్చి సరుకు తీసుకునే వ్యాపారులు, కొన్ని నెలలకే వచ్చిపోయే వలస మత్స్యకారులు జాబితాలోకి రాకుండా పోతారు. ఒడ్డుకు దగ్గరగా ఉన్న ప్రాంతాన్ని మూసివేస్తే అందరికంటే ముందు ఆదాయం పోయేది పడవ లేనివారికే. పడవ ఉన్నవారు ఇంకో చోటికి వెళ్ళగలరు. అందువల్ల ఏరుకునేవారితో, కూలీలతో విడిగా సమావేశాలు జరపండి, వారికి వీలైన వేళలోనే జరపండి, అక్కడ వచ్చిన అభ్యంతరాలను పెద్ద సమావేశంలో వారి ప్రతినిధులే చెప్పేలా చూడండి. ఈ ఒక్క పనిని తొందరలో దాటవేసినందువల్ల తర్వాత ఏళ్ళ తరబడి తగవులు సాగుతాయి.

ఆ తర్వాత పటం గీయాలి. ఖరీదైన పరికరాలు అవసరం లేదు. వేటాడే చోట్లన్నిటికీ మత్స్యకారులు పెట్టుకున్న పేర్లు ఉంటాయి. ఆ పేర్లతోనే పెద్ద కాగితం మీద రాతి దిబ్బలు, బురద నేలలు, సముద్రపు గడ్డి ఉన్న చోట్లు, చేపలు గుడ్లు పెట్టడానికి గుమికూడే చోట్లు, వలలు చిక్కుకునే చోట్లు గుర్తించండి. హద్దులు నిర్ణయించేటప్పుడు నీటి మీద ఉన్న మనిషికి ఏ పరికరమూ లేకుండా అవి తెలియాలన్నదే కొలమానంగా పెట్టుకోండి: కొండ శిఖరం, దీపస్తంభం, నదీముఖం వంటి రెండు గుర్తులు ఒకే వరుసలోకి వచ్చే గీతను హద్దుగా తీసుకుంటే, హద్దు దాటానని తెలియదన్న మాటకు చోటుండదు. జీపీఎస్ బిందువులను కూడా నమోదు చేసుకోండి. అవి అధికారులకు సమర్పించే పత్రాలకు పనికివస్తాయి.

వేట స్థలాల కోసం పోటీయే ప్రధాన సమస్య అయిన చోట, చేపలను లెక్కించకుండానే పరిష్కారం దొరకవచ్చు. టర్కీలోని అలాన్యా తీరంలో 1970ల ఆరంభంలో మత్స్యకారులు ఏర్పరచుకున్న పద్ధతి ఇందుకు మంచి ఉదాహరణ. ఏటా సెప్టెంబరులో అర్హుల జాబితా తయారయ్యేది. ఒకరి వల ఇంకొకరి వలకు చేపను అడ్డుకోనంత ఎడంతో గుర్తించిన, పేర్లున్న వేట స్థలాలను చీట్లు వేసి పంచుకునేవారు. సెప్టెంబరు నుంచి జనవరి వరకు ప్రతివారూ రోజుకొక స్థలం చొప్పున తూర్పుకు, జనవరి నుంచి మే వరకు పడమరకు జరిగేవారు. మంచి చోటు ప్రతివారికీ వంతు ప్రకారం వచ్చేది. తన వంతు రోజున ఆ చోటికి మరొకరు వస్తే అడ్డుకునేది ఆ వంతు హక్కుదారుడే కాబట్టి, కాపలాకు వేరే ఖర్చు ఉండేది కాదు. ఇలాంటి ఏర్పాట్లను దేశదేశాల్లో పరిశీలించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఉమ్మడి వనరును వాడుకునేవారే నియమాలు చేసుకుని దీర్ఘకాలం కాపాడుకోగలరన్నది ఆమె చూపిన విషయం.

చట్టపరమైన గుర్తింపు గురించి కూడా తొలిదశలోనే ఆలోచించాలి. బయటి పడవలను ఆపే అధికారం గ్రామ తీర్మానానికి ఉండకపోవచ్చు. చిలీలో 1991 నాటి మత్స్య చట్టం చిన్న మత్స్యకారుల సంఘాలకు నిర్ణీత సముద్రగర్భ ప్రాంతాలపై ప్రత్యేక హక్కులకు మార్గం తెరిచింది. జపాన్‌లో తీర వేట హక్కులు చాలావరకు మత్స్యకార సహకార సంఘాల చేతిలోనే ఉన్నాయి. మీ దేశంలో అలాంటి చట్టం లేకపోతే, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2014లో ఆమోదించిన చిన్నతరహా మత్స్యపరిశ్రమ మార్గదర్శకాలు మీ వాదనకు ఆధారమవుతాయి. అవి స్వచ్ఛందమైనవే అయినా, వేట స్థలాలపై సంప్రదాయ హక్కులను గుర్తించమని ప్రభుత్వాలకు చెబుతున్నాయి.

రేవులో నోటుపుస్తకం

నియమం పెట్టే ముందు కనీసం ఒక ఏడాది లెక్కలు ఉంటే మంచిది. ఏడాది ఆగలేని పరిస్థితి అయితే నియమంతో పాటే లెక్క మొదలుపెట్టండి. రేవుకు వచ్చే పడవలన్నిటినీ రాయడం కష్టం కాబట్టి, వారంలో కొన్ని రోజులు ముందే నిర్ణయించుకుని ఆ రోజుల్లో వచ్చిన పడవలను రాయండి. తేదీ, వేట స్థలం పేరు, వల లేదా గాలం రకం, ఎంతమంది వెళ్ళారు, ఎన్ని గంటలు వేటాడారు, రకాలవారీగా ఎన్ని కిలోలు వచ్చాయి అన్న వివరాలు చాలు. ఖాళీగా తిరిగివచ్చిన పడవను కూడా తప్పక రాయాలి. దాన్ని వదిలేస్తే లెక్క మొత్తం అబద్ధమవుతుంది.

మొత్తం వేట ఎంత వచ్చిందన్నదాని కంటే శ్రమకు ఎంత వచ్చిందన్నది ఎక్కువ చెబుతుంది. ఉదాహరణకు ఒక పడవ ఐదు గంటల్లో 40 కిలోలు తెస్తే గంటకు 8 కిలోలు. రెండేళ్ళ తర్వాత అదే 40 కిలోలకు ఎనిమిది గంటలు పడితే గంటకు 5 కిలోలే. అమ్మకం తగ్గలేదు కాబట్టి అంతా బాగానే ఉందనిపిస్తుంది గాని, సముద్రంలో చేప పలచబడింది. ఇంజిన్ మారినా, వల పొడవు పెరిగినా, చేపలను చూపించే సోనార్ పెట్టుకున్నా ఆ మార్పును కూడా పుస్తకంలో రాయాలి, ఎందుకంటే మెరుగైన పరికరం తరుగుదలను కొన్నేళ్ళపాటు కప్పిపెట్టగలదు.

ఈ లెక్కకు ఒక ప్రమాదకరమైన లోపం ఉంది. గుంపులు కట్టే చేపలు సంఖ్య తగ్గుతున్నకొద్దీ మిగిలినవి ఇంకా దగ్గరగా చేరతాయి. గుంపు ఎక్కడుందో తెలిసిన పడవకు చివరి వరకూ వల నిండుతూనే ఉంటుంది. కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్ దగ్గర కాడ్ చేప విషయంలో ఇదే జరిగింది. లోతు నీటిలో పెద్ద వలలు ఈడ్చే ట్రాలర్ పడవల వేట రేటు నిలకడగా కనబడుతున్న 1980లలోనే తీర మత్స్యకారులు చేప తగ్గుతోందని, చిన్నదవుతోందని హెచ్చరించారు. 1992 జూలైలో ప్రభుత్వం వేటను పూర్తిగా నిలిపివేయాల్సి వచ్చి సుమారు 30,000 మంది ఉపాధి కోల్పోయారు. నిషేధం ఎత్తివేసి పరిమిత వాణిజ్య వేటకు మళ్ళీ అనుమతించింది 2024లో. కాబట్టి కిలోలతో పాటు పొడవు కూడా కొలవండి.

పొడవు కొలవడానికి సెంటీమీటర్లు గీసిన చెక్కపలక చాలు. ప్రధానమైన రెండు మూడు రకాలు ఎంచుకుని, ముక్కు కొన నుంచి తోక చివర వరకు ఎప్పుడూ ఒకే పద్ధతిలో కొలవండి. అదే సమయంలో కొన్ని చేపల పొట్ట కోసి, ఆడవాటిలో శెన (గుడ్లు), మగవాటిలో పాలు (వీర్యం) పట్టాయో లేదో రాసుకోండి. ఏ పొడవు దగ్గర సగం చేపలు పక్వానికి వస్తున్నాయో కొన్ని నెలల్లో తెలుస్తుంది. మీ నియమాలకు అదే ముఖ్యమైన అంకె అవుతుంది. ఇలా చేతికొచ్చిన లెక్కను చదవడానికి మత్స్య శాస్త్రవేత్త రైనర్ ఫ్రోస్ 2004లో సూచించిన మూడు ప్రశ్నలు ఇప్పటికీ ఎంతో ఉపయోగకరమైనవి. పట్టిన చేపల్లో ఎన్ని ఒక్కసారైనా గుడ్లు పెట్టే వయసుకు వచ్చాయి? ఎన్ని తగినంత ఎదిగిన తర్వాత పట్టుబడ్డాయి? బాగా పెద్దవైన తల్లి చేపలు ఎన్ని పట్టుబడుతున్నాయి?

మూడో ప్రశ్న చాలామందికి వింతగా తోస్తుంది, పెద్ద చేపను పట్టడమే న్యాయమనీ చిన్నదాన్ని వదిలితే చాలనీ మనం నమ్ముతాం కాబట్టి. 61 సెంటీమీటర్ల ఆడ రెడ్ స్నాపర్ ఒక్కటి, 42 సెంటీమీటర్ల ఆడ చేపలు 212 కలిసి పెట్టినన్ని గుడ్లు పెడుతుంది. గుడ్ల సంఖ్య పొడవుతో సమంగా పెరగదు, అనేక రెట్లు పెరుగుతుంది. చిన్నవాటినీ, మరీ పెద్దవాటినీ వదిలి నడిమి పరిమాణాన్ని పట్టే నియమం వీలైన చోట చాలా విలువైనది. గాలం, బోను వేటలో ఇది సాధ్యం. వదిలిన చేప బతికేలా పైకి తీయగలిగితేనే దానికి అర్థం ఉంటుంది.

వృద్ధ మత్స్యకారులతో తీరిగ్గా మాట్లాడి, వారి యవ్వనంలో ఏ చోట ఏ చేప ఎంత పరిమాణంలో దొరికేదో రాసుకోండి. ప్రతి తరమూ తాను మొదట చూసిన సముద్రాన్నే సహజమైనదనుకుంటుందని శాస్త్రవేత్త డేనియల్ పాలీ 1995లో గుర్తుచేశారు. పాత సంగతులు రాసుకోని గ్రామం పూర్తిగా తరిగిపోయిన స్థితినే మామూలు స్థితిగా తీసుకునే ప్రమాదం ఉంది.

మొదటి నియమం ఒక్కటే ఉండాలి

ఒకేసారి పది నియమాలు తెచ్చిన సంఘం పదింటినీ పోగొట్టుకుంటుంది. ఫలితం త్వరగా కళ్ళకు కనబడే ఒక్క నియమంతో మొదలుపెట్టమని నా గట్టి సలహా. అందుకు తక్కువ కాలం బతికి వేగంగా పెరిగే జీవులు, లేదా ఉన్నచోటనే ఉండే ఆల్చిప్పలు అనువైనవి.

మడగాస్కర్ నైరుతి తీరంలోని ఆండవడోకా గ్రామం 2004లో తన ఆక్టోపస్ వేట స్థలాల్లో ఒక భాగాన్ని కొన్ని నెలలపాటు మూసివేసింది. ఆక్టోపస్ ఆయుష్షు సుమారు ఏడాదే, పెరుగుదల చాలా వేగం. అందువల్ల రెండు మూడు నెలల విరామానికే బరువులో తేడా కనిపిస్తుంది. ఆ ప్రాంతంలో తర్వాత జరిగిన 36 విరామాలను పరిశీలించగా, తిరిగి తెరిచిన నెలలో మూసిన స్థలాల నుంచి వచ్చిన వేట 700 శాతానికి పైగా పెరిగింది, ఒక్కొక్కరికి రోజుకు దొరికినది దాదాపు రెట్టింపయింది. ఫలితం చూసిన పొరుగు గ్రామాలు కలిసివచ్చాయి. ఫిజీలోని ఉదునివానువా గ్రామం 1997లో బురద నేల, సముద్రపు గడ్డి కలిసిన 24 హెక్టార్లను మూసి, గ్రామస్థుల చేతనే ఆల్చిప్పలను లెక్కింపజేసింది. మూసిన చోటే కాక పక్కనున్న చోట్ల కూడా ఆల్చిప్పలు పెరిగాయని వారు తమ లెక్కల్లోనే చూశారు. బయటివారు వచ్చి చెప్పిన అంకె కంటే తాము లెక్కించిన అంకెను మనుషులు ఎక్కువగా నమ్ముతారు.

తెరిచే రోజు గురించి మూసే రోజునే నిర్ణయించండి. నెలల తరబడి ఓపిక పట్టినవారి కంటే ముందు, విరామంలో ఏ పాత్రా లేని పడవలు ఆ ఉదయాన వచ్చి వాలితే సంఘం మీద నమ్మకం పోతుంది. ఆ రోజు ఎవరు రావచ్చు, ఏ పనిముట్టుతో రావచ్చు, కనీస బరువెంత, వేట ఎన్ని గంటలకు ఆపాలి అన్నవి రాతపూర్వకంగా ఉండాలి. సరుకంతా ఒక్కసారి బయటపడితే ధర పడిపోతుంది కాబట్టి కొనేవారితో ముందే మాట్లాడుకోవాలి.

నెమ్మదిగా పెరిగే, ఎక్కువ కాలం బతికే రాతి దిబ్బల చేపలకు ఈ పద్ధతి పనికిరాదు. వాటికోసం మూసిన చోటును అప్పుడప్పుడు తెరిస్తే, కొన్నేళ్ళలో కూడినది కొన్ని రోజుల్లో ఖాళీ అవుతుంది. అక్కడ శాశ్వతంగా మూసిన చిన్న ప్రాంతమే మేలు. ఎంత చిన్నదన్నది ఆ చేప తిరిగే దూరాన్ని బట్టి ఉంటుంది. కాపాడదలచిన చేప మామూలుగా తిరిగే ప్రాంతానికి కనీసం రెట్టింపు ఉండాలన్నది వాడుకలో ఉన్న సూత్రం. మెక్సికోలోని కాబో పుల్మో దగ్గర 1995లో స్థానికుల చొరవతో జాతీయ పార్కు ఏర్పడి, వారే వేట మానుకోగా, 1999 నుంచి 2009 వరకు పదేళ్ళలో చేపల మొత్తం బరువు 460 శాతానికి పైగా పెరిగింది. అక్కడి కుటుంబాలకు పర్యాటకుల ద్వారా ఆదాయం ఉంది; అలాంటి ప్రత్యామ్నాయం లేని చోట అంత పెద్ద ప్రాంతాన్ని మూయమని అడగడం అన్యాయం.

గుడ్లు పెట్టడానికి చేపలు గుమికూడే చోటు, కాలం తెలిసి ఉంటే మిగిలినవన్నీ పక్కనపెట్టి ముందు దాన్ని కాపాడండి. కరీబియన్ ప్రాంతంలో నాసో గ్రూపర్ అనే చేప చలికాలపు పౌర్ణమి రోజుల్లో ఏటా అవే చోట్లకు చేరేది. ఆ కొద్ది రోజుల వేట వల్లనే ఎన్నో గుంపులు పూర్తిగా కనుమరుగయ్యాయి. లిటిల్ కేమన్ దీవి దగ్గర 2003 నుంచి ఆ గుంపును పట్టడం ఆపేశారు. తర్వాత దాని సంఖ్య మూడు రెట్లకు పైగా పెరిగింది. ఏడాదిలో కొద్ది రోజుల త్యాగానికి ఇంత ప్రతిఫలం ఇచ్చే నియమం మరొకటి లేదు.

వల, బోను, పోయిన సామగ్రి

వలకన్ను నియమం పెట్టేటప్పుడు కొలిచే పద్ధతిని కూడా రాయండి: తడిసిన వలను సాగదీసి, ఎదురెదురు ముడుల మధ్య లోపలి దూరాన్ని కొలవాలి, ఒక్క కన్ను కాకుండా వరుసగా చాలా కన్నులు కొలిచి సగటు తీయాలి. ఈడ్చే వలల సంచి భాగంలో వజ్రాకారపు కన్ను లాగుడుకు మూసుకుపోతుంది. చదరపు కన్ను తెరిచే ఉంటుంది కాబట్టి పిల్ల చేపలు బయటపడతాయి. కొత్త వల కొనడం ఒక్కసారిగా సాధ్యం కాదు. పాత వల అరిగి మార్చే సమయానికి కొత్త కన్ను తప్పనిసరి అయ్యేలా గడువు పెట్టండి. పేలుడు పదార్థాలు, విషం వాడే వేటకు మాత్రం గడువూ లేదు, మినహాయింపూ లేదు. అవి గుడ్లను, పిల్లలను, పగడాన్ని ఒక్కసారే చంపుతాయి.

నీటిలో పోయిన నైలాన్ వలలు, బోనులు ఏళ్ళ తరబడి వేటాడుతూనే ఉంటాయి. బోను తలుపును కుళ్ళిపోయే నూలు తాడుతో కడితే, పోయిన బోను కొన్నాళ్ళకు తనంతట తెరుచుకుంటుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పీతల బోనులకు ఇది తప్పనిసరి. వర్జీనియాలో వేట లేని నెలల్లో మత్స్యకారులకే కూలి ఇచ్చి 2008 నుంచి 2014 వరకు 34,000కు పైగా వదిలేసిన బోనులను తీయించారు. ప్రతి వలకూ బోనుకూ యజమాని గుర్తు ఉండాలనీ, పోయినదాన్ని ఎక్కడ పోయిందో చెబితే జరిమానా ఉండదనీ నియమం పెడితే తీయడం సులభమవుతుంది.

మడ అడవుల విషయంలో ఒక్క మాట. మొక్కలు నాటడానికి అందరూ ఉత్సాహపడతారు, కాని బురద మేటల మీద, సముద్రపు గడ్డి మీద, సగటు సముద్రమట్టం కంటే దిగువన నాటిన మొక్కలు చాలావరకు చచ్చిపోతాయి. కట్టలు తెంచి పోటు నీటికి పాత దారి తెరిస్తే, విత్తనాలు తామే వచ్చి మొలిచే చోట్లు ఎన్నో ఉన్నాయి. ఉన్న అడవిని నరకకుండా ఆపడం అన్నిటికంటే చవకైన పని.

కాపలా, శిక్ష, అమ్మకం

తొలి తప్పుకు మందలింపు, రెండోసారి చిన్న జరిమానా, ఆపైన వల స్వాధీనం, చివరికి కొంతకాలం వేటహక్కు రద్దు అన్నట్టు శిక్ష మెట్లుమెట్లుగా ఉండాలి. మొదటిసారే భారీ జరిమానా పెడితే, బంధువుల మీద దాన్ని విధించడానికి ఎవరికీ మనసు రాక నియమమే మూలపడుతుంది. జరిమానా పుస్తకం అందరికీ కనబడే చోట ఉండాలి, ఆ డబ్బు దేనికి ఖర్చయిందో అందులోనే రాయాలి. సంఘ పెద్ద పడవ పట్టుబడినప్పుడు ఏం జరుగుతుందన్నదే అసలైన పరీక్ష. కాబట్టి విచారించేవారిలో పడవ లేనివారు, స్త్రీలు తప్పక ఉండాలి. బయటి ట్రాలర్లను గ్రామస్థులు నీటి మీద ఎదుర్కోవడం ప్రాణాపాయం. ఫోటో, సమయం, స్థానం నమోదు చేసి తీర రక్షక దళానికి, మత్స్యశాఖకు పంపే బాధ్యతను ఇద్దరికి అప్పగించండి.

నియమం వల్ల తగ్గిన వేటను ధరతో కొంతవరకైనా పూడ్చుకోవచ్చు. వేడి ప్రాంతాల్లో చేప బరువుకు సమానంగా ఐస్ వేయాలి. పడవలోనే పొరలు పొరలుగా వేసి, కరిగిన నీరు కిందికి పోయేలా చూస్తే, చెడిపోయి తక్కువ ధరకు పోయే సరుకు తగ్గుతుంది. కొనేవారే చిన్న చేపను తిరస్కరిస్తే కాపలా సగం తేలికవుతుంది, అందుకే ఒప్పందంలో వారి సంతకం కూడా తీసుకోండి. అయితే వ్యాపారికి అప్పు పడిన మత్స్యకారుడు విరామంలో కూడా వేటకు వెళ్ళక తప్పదు. మూసివేసే నెలలకు ముందే సంఘం పొదుపు నుంచి చిన్న అప్పులు ఇచ్చే ఏర్పాటు లేకపోతే, నియమం పేదవారినే నేరస్థులను చేస్తుంది.

ఏడాదికొకసారి నోటుపుస్తకాలు తెరిచి, గంటకు వచ్చిన వేట, సగటు పొడవు, తప్పుల సంఖ్య అందరి ముందు చదవండి. లెక్క పడిపోతే ఏం చేయాలో ముందు ఏడాదే నిర్ణయించి ఉంచండి: ఉదాహరణకు, వరుసగా రెండేళ్ళు సగటు పొడవు పక్వానికి వచ్చే పొడవు కంటే తక్కువగా ఉంటే విరామం ఒక నెల పెరుగుతుందని. లెక్క పడిపోయిన తర్వాత మొదలయ్యే చర్చలో ప్రతివారూ తన నష్టాన్నే చూస్తారు. ఎవరికి నష్టమో ఇంకా తెలియని రోజున ఇలాంటి మాటకు ఒప్పుకోవడం తేలిక. ఒప్పందం ప్రతులను సంఘ కార్యాలయంలో, స్థానిక అధికారుల దగ్గర, పొరుగు గ్రామాల సంఘాల దగ్గర ఒక్కొక్కటి ఉంచి, మార్పు చేసిన ప్రతిసారీ తేదీతో సహా అన్నిటినీ మార్చండి.